దిగబోయి.. మళ్లీ నింగికెందుకు?

* ఏటీసీ ఇచ్చేది అనుమతి మాత్రమే.. తుది నిర్ణయం పైలట్‌దే
* చివరి పది మైళ్లలో ప్రతి మాటకూ ప్రాణమంత విలువ

శంషాబాద్: గల్ఫ్ నుంచి వచ్చే తమవారిని తీసుకువెళ్లేందుకు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చిన కుటుంబాలు శంషాబాద్ విమానాశ్రయం బయట తెల్లవారుజామున నిరీక్షిస్తుండటం నిత్యం కనిపించే దృశ్యం. బోర్డుపై విమానం పేరు ఎదుట ‘దిగింది’ అన్న మాట ఎప్పుడు పడుతుందా అని అందరి చూపులూ అటే ఉంటాయి. అయితే ఒక్కోసారి రన్‌వేకు చేరువై, చక్రాలు నేలను తాకబోతున్నాయనగా విమానం పెద్ద శబ్దంతో మళ్లీ పైకి లేస్తుంది. లోపలున్న ప్రయాణికుల గుండెలు జారిపోతాయి. దేవుళ్లను తలచుకునేవారు కొందరైతే, కిందికి దిగగానే ‘చావు అంచుల దాకా వెళ్లి వచ్చాం’ అని చెప్పేవారు మరికొందరు. మరునాడు ‘త్రుటిలో తప్పిన ముప్పు’ అంటూ వార్త వస్తుంది. పత్రికలకూ ఈ అలవాటు లేకపోలేదు.

వాస్తవం ఇందుకు భిన్నం. దిగే ప్రయత్నాన్ని విరమించి తిరిగి పైకి లేవడాన్ని విమానయాన పరిభాషలో ‘గో ఎరౌండ్’ అంటారు. ఇది ప్రమాదం కాదు, ప్రమాదం జరగకుండా తీసుకునే జాగ్రత్త. ప్రతి పైలట్‌కూ శిక్షణలో పదేపదే నేర్పించే విన్యాసమిది. దేశంలో 2010లో, 2020లో రన్‌వేను దాటిపోయి జరిగిన రెండు ఘోర ప్రమాదాలలోనూ విమానాలు మళ్లీ పైకి లేచినందువల్ల కాదు, లేవవలసిన వేళ లేవనందువల్లనే ప్రాణాలు పోయాయి. ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి? కింద టవరులో కూర్చున్న అధికారి మాటకు, పైన కాక్‌పిట్‌లో ఉన్న పైలట్ నిర్ణయానికి ఉన్న సంబంధమేమిటి? సామాన్య ప్రయాణికునికి అంతగా తెలియని విషయాలివి.

చేతులు మారే విమానం

దుబాయ్ నుంచో, దిల్లీ నుంచో వచ్చే విమానం సుమారు 36 వేల అడుగుల ఎత్తున ప్రయాణిస్తుంటుంది. అది దిగడం ప్రారంభించేది విమానాశ్రయం మీదికి వచ్చాక కాదు. దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉండగానే ఎత్తు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ప్రతి వెయ్యి అడుగులు దిగేందుకు మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలన్నది పైలట్లు మనసులోనే వేసుకునే మోటు లెక్క. అందుకే సకాలంలో దిగేందుకు అనుమతి దొరకకపోతే, ఆ ఆలస్యం చివరి నిమిషం వరకూ వెంటాడుతుంది. మంగళూరు దుర్ఘటనలో జరిగిన వాటిలో ఇదీ ఒకటి.

ఈ ప్రయాణంలో విమానం బాధ్యత వరుసగా చేతులు మారుతుంది. సుదూర గగనతలాన్ని చూసే ఏరియా కంట్రోల్ అధికారి దానిని అప్రోచ్ కంట్రోల్‌కు అప్పగిస్తారు. వివిధ దిక్కుల నుంచి వచ్చే విమానాలను ఒకదాని వెనుక ఒకటిగా పేర్చి, కల్లానికి చేరే బండ్ల మాదిరిగా వరుసలో పెట్టడం అప్రోచ్ అధికారి పని. ‘ఎడమకు తిరగండి, వేగం తగ్గించండి, నాలుగు వేల అడుగులకు దిగండి’ అంటూ ఆయన ఒక్కొక్క విమానానికీ సూచనలిస్తారు. రెండు విమానాల నడుమ ఎత్తులో కనీసం వెయ్యి అడుగుల అంతరమైనా ఉండాలి, లేదా రాడార్‌పై నిర్దేశించిన దూరమైనా ఉండాలి. ముందు వెళ్లేది భారీ విమానమైతే దాని రెక్కల చివర్ల నుంచి పుట్టే గాలి సుడులు వెనుక వచ్చే చిన్న విమానాన్ని తలకిందులు చేయగలవు. కనుక అప్పుడు దూరం మరింత పెంచుతారు. చివరి కొద్ది మైళ్లలో బాధ్యత టవరుకు బదిలీ అవుతుంది. రన్‌వే ఖాళీగా ఉందని నిర్ధారించుకుని ‘క్లియర్డ్ టు ల్యాండ్’ అని చెప్పేది ఆ అద్దాల గదిలోని అధికారే.

దేశంలోని పౌర విమానాశ్రయాలలో ఈ సిబ్బంది భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు చెందినవారు. విమానాశ్రయాన్ని ప్రైవేటు సంస్థ నడిపినా ఏటీసీ మాత్రం వారి చేతుల్లోనే ఉంటుంది. నౌకాదళ స్థావరమైన విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగా వంటి చోట్ల ప్రయాణికుల విమానాలకు సైతం నౌకాదళ సిబ్బందే సూచనలిస్తారు.

గాలికి ఎదురుగా

శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అది తూర్పు పడమరలుగా ఉంది. తూర్పు దిశగా దిగితే దానిని 09 అని, పడమర దిశగా దిగితే 27 అని పిలుస్తారు. దిక్సూచిపై 90, 270 డిగ్రీలలో చివరి సున్నాను తీసివేస్తే వచ్చే అంకెలివి. విమానం గాలికి ఎదురుగా దిగాలన్నది మొదటి సూత్రం. ఎదురుగాలి ఉంటే నేలపై వేగం తగ్గి, తక్కువ దూరంలో ఆగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి వీస్తుంది కనుక విమానాలు సాధారణంగా తుక్కుగూడ వైపు నుంచి వచ్చి పడమర ముఖంగా దిగుతాయి. చలికాలంలో గాలి తూర్పుకు తిరిగితే శంషాబాద్ పట్టణం వైపు నుంచి వస్తాయి. ‘నిన్నటి దాకా మా ఇంటి మీదుగా పోలేదు, ఇవాళ పోతున్నాయేమిటి’ అని పరిసర గ్రామాలవారు అనుకోవడానికి కారణం ఇదే.

రన్‌వేకు పది మైళ్ల దూరంలో విమానం నేల నుంచి సుమారు మూడు వేల అడుగుల ఎత్తులో ఉండాలి. అక్కడి నుంచి మూడు డిగ్రీల వాలులో, జారుడుబల్లపై జారినట్లు కిందికి రావాలి. రన్‌వే పక్కన అమర్చిన ఐఎల్‌ఎస్ పరికరాలు రెండు రేడియో తరంగాలను పంపుతుంటాయి. ఒకటి రన్‌వే మధ్య గీతను, మరొకటి ఆ వాలును చూపుతుంది. నేల నుంచి వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి చక్రాలు దించి, రెక్కల ఫ్లాపులు పూర్తిగా తెరిచి, వేగం, వాలు నిర్ణీత హద్దులలో ఉండాలి. ఇలా ఉంటే విమానం ‘స్థిరపడినట్లు’ లెక్క. స్థిరపడకపోతే మరో ఆలోచన లేకుండా పైకి లేవాలి. నిబంధన ఇంత స్పష్టంగా ఉన్నా, ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనంలో తేలిన వాస్తవం విస్తుగొలిపేది. స్థిరపడకుండా దిగడానికి వచ్చిన ప్రతి వంద విమానాలలో 97 అలాగే దిగేందుకు ముందుకు సాగాయి. నిబంధన ప్రకారం పైకి లేచినవి మూడే.

చెప్పింది తిరిగి చెప్పాలి

ఏటీసీ ఇచ్చిన ముఖ్యమైన సూచనను పైలట్ అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. ఎత్తు, దిశ, రన్‌వే సంఖ్య, వాయుపీడనం అంకె, దిగే అనుమతి.. ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఊరకే ‘సరే’ అంటే చాలదు. తిరిగి చెప్పిన దానిలో తప్పుంటే కింది అధికారి అప్పటికప్పుడే సరిదిద్దాలి. అంకెలను సైతం ఒక్కొక్కటిగా, ప్రత్యేకంగా ఉచ్చరిస్తారు. తొమ్మిదిని ‘నైన్’ అనక ‘నైనర్’ అంటారు, రేడియోలో అది ‘ఫైవ్’గా వినిపించకుండా ఉండేందుకు.

వీటిలో సామాన్యులకు వింతగా తోచేది వాయుపీడనం అంకె. విమానంలోని ఎత్తు మాపకం నిజానికి గాలి ఒత్తిడినే కొలుస్తుంది. ఆ చోట, ఆ వేళ ఒత్తిడి ఎంతో ఏటీసీ చెబితే పైలట్ దానిని పరికరంలో అమర్చుకోవాలి. అప్పుడే అది సముద్రమట్టం నుంచి సరైన ఎత్తు చూపుతుంది. శంషాబాద్ రన్‌వేపై నిలిచి ఉన్న విమానంలో అది సున్నా కాక రెండు వేల అడుగులకు పైగా చూపుతుంది, ఈ ప్రాంతం సముద్రమట్టానికి అంత ఎత్తున ఉంది కనుక.

ఈ ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో పారిస్‌లో 2022 మే 23న తేటతెల్లమైంది. వర్షంలో చార్లెస్ డి గాల్ విమానాశ్రయానికి వస్తున్న ఒక ఎయిర్‌బస్ ఏ320కు ఏటీసీ అధికారి 1001 అనవలసిన చోట 1011 అన్నారు. పైలట్ విన్నది విన్నట్లు తిరిగి చెప్పారు. తిరిగి చెప్పడంలో తప్పు లేదు, అసలు చెప్పిందే తప్పు. ఆ పది అంకెల తేడాతో విమానం ఉండవలసిన దానికంటే సుమారు 280 అడుగులు కిందుగా వచ్చింది. రన్‌వేకు ఇంకా మైలు దూరం ఉండగానే, నేలకు కేవలం ఆరడుగుల ఎత్తుకు దిగిపోయింది. రన్‌వే కనిపించకపోవడంతో పైలట్లు గో ఎరౌండ్ చేశారు. తామెంత కిందికి వచ్చామో ఆ క్షణాన వారికే తెలియదు. కారణం తెలియకపోయినా పని చేసిన జాగ్రత్త ఇది.

మన దేశంలో ఇటువంటి పొరపాటుకు అత్యంత భారీ మూల్యం చెల్లించింది 1996 నవంబరు 12న. దిల్లీలో దిగేందుకు వస్తున్న కజకిస్థాన్ ఇల్యూషిన్ విమానాన్ని 15 వేల అడుగుల వద్ద ఆగమని అప్రోచ్ అధికారి ఆదేశించారు. ఎదురుగా పైకి లేస్తున్న సౌదీ బోయింగ్ 747కు 14 వేల అడుగుల హద్దు విధించారు. ఆదేశాలు రెండూ సరైనవే. కానీ కజక్ విమానం 15 వేల దగ్గర ఆగక ఇంకా కిందికి దిగింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన మబ్బుల్లో రెండూ ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానంలో ఏటీసీతో ఆంగ్లంలో మాట్లాడే బాధ్యత రేడియో ఆపరేటర్‌ది. ఎత్తు చూసుకునేందుకు ఆయన ఎదుట ప్రత్యేక పరికరం లేదు, పైలట్ల ముందున్న దానినే తొంగి చూడాలి. దిల్లీలో అప్పటి రాడార్ విమానం ఎక్కడుందో చూపేదే తప్ప ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. ఆ తర్వాతనే దిల్లీలో వచ్చే, పోయే విమానాలకు దారులు వేరు చేశారు. ఎత్తును కూడా చూపే రాడార్ వచ్చింది. ఢీకొనే ముప్పును పైలట్‌కు నేరుగా హెచ్చరించే పరికరాన్ని విమానాలలో తప్పనిసరి చేశారు.

ఒక్కోసారి తప్పు అంకెలో కాక మాటలో దొర్లుతుంది. టోక్యో హనేడా విమానాశ్రయంలో 2024 జనవరి 2న భూకంప సహాయ సామగ్రితో బయల్దేరవలసిన తీరరక్షక దళ విమానానికి టవరు అధికారి ‘నంబర్ వన్’ అన్నారు. బయల్దేరే వరుసలో మీరే మొదట, రన్‌వే బయట వేచి ఉండండి అన్నది దాని అర్థం. రన్‌వేపైకి వెళ్లేందుకు అనుమతి లభించిందని ఆ కెప్టెన్ భావించారు. అదే రన్‌వేపై దిగేందుకు అప్పటికే అనుమతి పొందిన జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 చీకట్లో దానిని ఢీకొంది. పెద్ద విమానంలోని 379 మందీ మంటల నుంచి ప్రాణాలతో బయటపడగా, చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత ‘నంబర్ వన్’ అనే మాట వాడకాన్ని జపాన్ కొంతకాలం నిలిపివేసింది.

‘ప్రాధాన్యం’ అన్నారు.. ‘ఆపద’ అనలేదు

ఏటీసీతో సంభాషణలో మొహమాటం ఎంతటి శత్రువో చెప్పేందుకు ప్రపంచవ్యాప్తంగా పైలట్ల శిక్షణలో ఒక ఉదంతాన్ని పాఠంగా చెబుతారు. కొలంబియాకు చెందిన ఏవియాంకా సంస్థ బోయింగ్ 707 విమానం 1990 జనవరి 25న న్యూయార్క్ వస్తోంది. వాతావరణం బాగా లేకపోవడంతో ఏటీసీ దానిని మూడు చోట్ల గాలిలోనే తిప్పింది. అలా గడిచిన సమయం మొత్తం గంటా 17 నిమిషాలు. ఇంధనం అడుగంటుతోంది. తమకు ‘ప్రాధాన్యం’ కావాలని కో-పైలట్ ఆంగ్లంలో కోరారు. ఇంధనం అయిపోతోందని కూడా చెప్పారు. అయితే ‘ఎమర్జెన్సీ’ అనిగానీ ‘మేడే’ అనిగానీ అనలేదు.

ఆ రాత్రి న్యూయార్క్ మీద తిరుగుతున్న విమానాలెన్నో. అందరికీ తొందరగానే ఉంది, అందరి ఇంధనమూ తగ్గుతోంది. ‘ప్రాధాన్యం’ అన్న మాటను అధికారులు ఆపదగా గుర్తించలేదు. మొదటిసారి దిగేందుకు చేసిన ప్రయత్నంలో గాలి ఉద్ధృతి వల్ల రన్‌వే అందలేదు, విమానం మళ్లీ పైకి లేచింది. అత్యవసర పరిస్థితి అని చెప్పమని కెప్టెన్ తన మాతృభాష స్పానిష్‌లో కో-పైలట్‌కు చెప్పారు. చెప్పారా అని మళ్లీ అడిగారు కూడా. చెప్పానని ఆయన బదులిచ్చారు. కానీ రేడియోలో వెళ్లిన మాటలలో ఆ పదం లేనే లేదు. ఏటీసీ మామూలు వరుసలోనే విమానాన్ని చుట్టూ తిప్పి తీసుకువస్తుండగా నాలుగు ఇంజిన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్ వద్ద విమానం కూలి 158 మందిలో 73 మంది మరణించారు. ఇంధనం లేదు కనుక మంటలు రాలేదు, అందుకే మిగిలిన 85 మంది బతికారని చెప్పుకుంటారు.

ఆపదలో ఉన్న విమానం ‘మేడే’ అని మూడుసార్లు అంటే చాలు, ఏటీసీలో సర్వం మారిపోతుంది. మిగతా విమానాలన్నింటినీ పక్కకు తప్పించి దారి ఇస్తారు. ఫ్రెంచిలో ‘నాకు సాయం చేయండి’ అనే మాట నుంచి 1920 దశకంలో పుట్టిన పదమిది. అంతటి ఆపద కాకున్నా తక్షణం గమనించవలసిన ఇబ్బంది ఉంటే ‘పాన్ పాన్’ అంటారు. ఏవియాంకా వంటి పరిస్థితుల కోసమే ‘మినిమం ఫ్యూయెల్’ అనే మాటకు అంతర్జాతీయ నిబంధనలలో నిర్దిష్టమైన అర్థం కల్పించారు. ఇకపై ఏ మాత్రం ఆలస్యమైనా ఉండవలసిన నిల్వ ఇంధనంలో చేయి పెట్టవలసి వస్తుందని దాని భావం. నాజూకుగా అడగడం పెద్దమనిషి తరహా కావచ్చు గానీ రేడియోలో అది పనికిరాదు.

మంగళూరులో మూడుసార్లు చెప్పినా..

దుబాయ్ నుంచి 2010 మే 22 తెల్లవారుజామున మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో 166 మంది ఉన్నారు. అందులో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని ఎడారికి వెళ్లి, సెలవుపై ఇళ్లకు తిరిగి వస్తున్నవారు. మన కరీంనగర్, కడప జిల్లాల నుంచి వెళ్లేవారి వంటివారే. గుట్టను చదును చేసి కట్టిన ఆ రన్‌వే బల్లపై పరచినట్లుంటుంది, చివర లోయ.

మంగళూరు రాడార్ రెండు రోజులుగా పనిచేయడం లేదు. అందువల్ల విమానం ముందుగానే దిగుతామని కోరినా, ఇతర విమానాల నుంచి దూరం పాటించేందుకు ఏటీసీ అనుమతించలేదు. విమానాశ్రయానికి 80 మైళ్ల లోపుకు వచ్చాకే దిగనిచ్చారు. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయిన కెప్టెన్ అప్పటికి ఇంకా పూర్తి మెలకువకు రాలేదని విచారణలో తేలింది. సకాలంలో ఎత్తు తగ్గించుకోకపోవడంతో విమానం ఉండవలసిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో రన్‌వే వైపు వచ్చింది. ఐఎల్‌ఎస్ మార్గంలో కుదురుకున్నారా అని టవరు అడిగింది. అవునని చెప్పమని కెప్టెన్ పక్కనున్న కో-పైలట్‌ను ఒత్తిడి చేశారు. అవునన్న జవాబు విని టవరు దిగే అనుమతి ఇచ్చింది, గాలి కూడా నిశ్చలంగా ఉందని చెప్పింది.

ఇక్కడే అసలు విషయం దాగి ఉంది. టవరులోని అధికారికి విమానం వాలు, వేగం తెలియవు. రన్‌వే ఖాళీగా ఉందని ఆయన చెప్పగలరు. విమానం దిగగల స్థితిలో ఉందో లేదో కాక్‌పిట్‌లోని ఇద్దరే చెప్పగలరు. ఆ ఇద్దరిలో ఒకరు చెప్పారు కూడా. గో ఎరౌండ్ చేద్దామని కో-పైలట్ మూడుసార్లు అన్నట్లు కాక్‌పిట్ రికార్డులో నమోదైంది. నేల ముంచుకొస్తోందంటూ విమానంలోని హెచ్చరిక పరికరం పదేపదే అరిచింది. కెప్టెన్ వినలేదు. 50 అడుగుల ఎత్తులో దాటవలసిన రన్‌వే అంచును సుమారు 200 అడుగుల ఎత్తులో దాటారు. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు గాలిలోనే గడిచిపోయాక చక్రాలు నేలను తాకాయి. బ్రేకులు వేసిన తర్వాత కెప్టెన్ మనసు మార్చుకుని మళ్లీ పైకి లేపబోయారు. అప్పటికే సమయం మించిపోయింది. విమానం రన్‌వే చివర దాటి, లోయలో పడి కాలిపోయింది. 158 మంది చనిపోగా ఎనిమిది మంది మాత్రమే బయటపడ్డారు.

ఏటీసీ అనుమతి ఇచ్చింది కదా, తప్పెవరిది అని అప్పట్లో చాలామంది ప్రశ్నించారు. అనుమతి అంటే దిగి తీరాలన్న ఆజ్ఞ కాదు. విమానం దిగేందుకు వీలుంటే దారి సిద్ధంగా ఉందన్న సమాచారం మాత్రమే.

పదేళ్ల తర్వాత కోజికోడ్‌లోనూ ఇదే కథ పునరావృతమైంది. కరోనా కాలంలో గల్ఫ్‌లో చిక్కుకున్నవారిని వందే భారత్ పథకం కింద తీసుకువస్తున్న విమానం 2020 ఆగస్టు 7 రాత్రి జడివానలో దిగేందుకు ప్రయత్నించింది. మొదటిసారి రన్‌వే 28పై ప్రయత్నించినప్పుడు కెప్టెన్ వైపు వైపర్ కొద్దిసేపే పనిచేసి ఆగిపోయింది. వారు సక్రమంగానే పైకి లేచారు. ఈలోగా బయల్దేరుతున్న మరో విమానం ఎదుటి దిశలోని రన్‌వే 10ను కోరడంతో టవరు దానికి మారింది. 10పై దిగుతారా అని వీరినీ అడిగింది. వారు అంగీకరించారు. ఆ దిశలో గాలి వెనుక నుంచి తోస్తుంది. 8,858 అడుగుల రన్‌వేపై 4,438 అడుగులు దాటాక చక్రాలు ఆనాయి. పక్కన ఉన్న పైలట్ గో ఎరౌండ్ అన్నా విమానం ముందుకే సాగి, రన్‌వే అవతలి పల్లానికి జారి ముక్కలైంది. పైలట్లిద్దరితో సహా 21 మంది ప్రాణాలు కోల్పోయారు. నిర్ణీత పద్ధతులను పైలట్ పాటించకపోవడం, స్థిరపడని విమానాన్ని దించే ప్రయత్నం కొనసాగించడమే సంభావ్య కారణమని విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ తన నివేదికలో పేర్కొంది. మొదటి ప్రయత్నంలో పైకి లేవగలిగినవారు రెండోసారి ఎందుకు లేవలేదన్నదే మనసును తొలిచే ప్రశ్న. మరునాటి ఉదయం నడపవలసిన విమానానికి తగినంత మంది కెప్టెన్లు లేకపోవడం కూడా ఆయన నిర్ణయంపై ప్రభావం చూపి ఉండవచ్చని దర్యాప్తులో పేర్కొన్నారు.

‘కుదరదు’ అనే హక్కు

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం విమానం విషయంలో తుది అధికారం దానిని నడిపే కెప్టెన్‌దే. ఏటీసీ సూచన పాటిస్తే ప్రమాదమని తోచినప్పుడు ఆయన ‘అనేబుల్’ అంటే సరిపోతుంది. అంటే ‘నా వల్ల కాదు, వేరే మార్గం చెప్పండి’ అని అర్థం. దీనికి ముందుగా కారణం చెప్పనక్కర లేదు. న్యూయార్క్‌లో 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ దెబ్బతిన్న విమానానికి ఏటీసీ అధికారి వరుసగా రన్‌వేలు చూపించారు. వెనుదిరిగి లాగార్డియాకు వస్తారా, పక్కనున్న టెటర్‌బరోలో దిగుతారా అని అడిగారు. కుదరదని క్లుప్తంగా చెప్పిన కెప్టెన్ సలెన్‌బర్గర్ హడ్సన్ నదిలో దించారు. 155 మందీ బతికారు. అక్కడ అధికారి వాదించలేదు, ప్రశ్నలతో కాలయాపన చేయలేదు. పైలట్ ఏది కోరితే దానికి దారి ఏర్పాటు చేయడంలోనే నిమగ్నమయ్యారు. ఇద్దరి నైపుణ్యమూ మెచ్చుకోదగినదే.

ఢీకొనే ముప్పును హెచ్చరించే పరికరం ఒకటి చెప్పి, ఏటీసీ మరొకటి చెబితే పరికరం మాటే వినాలన్నది నేటి నియమం. జర్మనీలోని యూబర్‌లింగెన్ పైన 2002 జులై 1న రాత్రి ఈ రెండింటి మధ్య వచ్చిన వైరుధ్యంలో 71 మంది మరణించారు. వారిలో 52 మంది పిల్లలు.

అయితే పైలట్‌కు కనిపించనివి కింది అధికారికి కనిపించే సందర్భాలూ తక్కువేమీ కాదు. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వేను వీడకపోయినా, కుక్కగానీ వాహనంగానీ అడ్డు వచ్చినా, వెనుకది మరీ దగ్గరగా వస్తున్నా ‘గో ఎరౌండ్’ అని టవరే ఆదేశిస్తుంది. ఆ మాట వినగానే పైలట్ చర్చ పెట్టుకోకుండా పైకి లేస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2017 జులై 7 అర్ధరాత్రి ఒక ఎయిర్ కెనడా విమానం రన్‌వే అనుకుని పక్కనున్న ట్యాక్సీవే వైపు దిగసాగింది. రెండు రన్‌వేలలో ఒకదానిని మూసి దీపాలు ఆర్పివేయడంతో పైలట్లు పొరబడ్డారు. ఆ ట్యాక్సీవేపై నాలుగు విమానాలు ప్రయాణికులతో వరుసగా నిలిచి ఉన్నాయి. రన్‌వేపై దీపాలు కనిపిస్తున్నాయేమిటని పైలట్లకు అనుమానం వచ్చి అడిగారు కూడా. రన్‌వేపై ఎవరూ లేరని టవరు జవాబిచ్చింది. అది నిజమే, ఎందుకంటే వారు చూస్తున్నది రన్‌వే కాదు. వరుసలో ఉన్న ఒక పైలట్ అతడు ట్యాక్సీవే మీదికి వస్తున్నాడని రేడియోలో కేకవేశారు. టవరు పైకి లేవమన్నది, పైలట్లు అప్పటికే లేపడం మొదలుపెట్టారు. నేల నుంచి సుమారు 60 అడుగుల ఎత్తు వరకు దిగి, కింద నిలిచిన విమానాల మీదుగా వెంట్రుకవాసిలో తప్పించుకుని వెళ్లింది.

పైకి లేచాక ఏం జరుగుతుంది?

గో ఎరౌండ్ నిర్ణయం తీసుకున్న క్షణాన పైలట్ ఇంజిన్ల శక్తిని ఒక్కసారిగా పెంచి, ముక్కును పైకెత్తుతారు. ప్రయాణికులకు వినిపించే గర్జన, సీటుకు వెనక్కి అదిమినట్లు అనిపించడం దీనివల్లనే. తర్వాత ఫ్లాపులు కొంత ముడిచి, చక్రాలు లోపలికి తీసుకుంటారు. ఆ సమయంలో కాక్‌పిట్‌లో ఇద్దరికీ చేతినిండా పని. అందుకే కెప్టెన్ నుంచి ప్రకటన వెంటనే రాదు, కొద్ది నిమిషాలు ఆలస్యమవుతుంది. ప్రకటన రాలేదని భయపడనక్కర లేదు. ప్రతి రన్‌వేకూ ఇలా లేచిన విమానం ఎటు వెళ్లాలో, ఎంత ఎత్తుకు చేరాలో ముందే నిర్ణయించిన దారి ఉంటుంది. ఏటీసీతో మాట కలవకపోయినా ఆ దారిలో వెళ్లవచ్చు. అప్రోచ్ అధికారి దానిని మళ్లీ వరుసలోకి తీసుకుని పది, పదిహేను నిమిషాల్లో తిరిగి రన్‌వే ముందుకు తెస్తారు.

ఇంధనం సంగతి కూడా ముందే లెక్క కట్టి ఉంటుంది. గమ్యం చేరేందుకు కావలసినది, అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లేందుకు కావలసినది, ఆపైన అరగంట పాటు గాలిలో ఉండగలిగేంత నిల్వ. ఇంత లేనిదే విమానం బయల్దేరడానికి వీల్లేదు. శంషాబాద్‌లో పొగమంచు కమ్మినా, ఉరుముల వాన పట్టినా విమానాన్ని బెంగళూరుకో, చెన్నైకో, విజయవాడకో మళ్లిస్తారు. అక్కడ దిగి గంటల తరబడి లోపలే కూర్చోవలసి వచ్చినప్పుడు ప్రయాణికులు సిబ్బందిపై విరుచుకుపడటం, పక్క విమానం దిగింది కదా మీదెందుకు దిగలేదని నిలదీయడం జరుగుతుంటుంది. పక్క విమానం దిగిన నిమిషానికీ ఈ విమానం వచ్చిన నిమిషానికీ మధ్య గాలి మారి ఉండవచ్చు. విమానంలోని పరికరాలు, పైలట్ పొందిన శిక్షణను బట్టి ఎంత తక్కువ వెలుతురులో దిగవచ్చన్న హద్దు కూడా ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుంది. సాధారణ ఐఎల్‌ఎస్ రన్‌వేపై 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి దీపాలు కనిపించకపోతే పైకి లేవవలసిందే. ఆ ఎత్తు నుంచి నేలను తాకడానికి పట్టేది పదిహేను, ఇరవై సెకన్లు మాత్రమే.

నిరీక్షణ గదిలోని బోర్డుపై మాత్రం ఇవేవీ కనిపించవు. రావలసిన సమయం ఎదుట ఇరవై నిమిషాల ఆలస్యం అని అంకె మారుతుంది. సంచులు సర్దుకుని లేచి నిలబడినవారు మళ్లీ కూర్చుంటారు.